పడిన వంతు లెక్కలోకి రాదు

పర్చూరు దాటి ఆరు మైళ్లు లోపలికి పోతే నల్లరేగడి మధ్యలో ఒక మిషను హైస్కూలు ఉంది. ఆ బడిలో ఇరవై రెండేళ్లు గంట కొట్టినవాడు ప్రేమదాసు. చేతికి గడియారం ఉండేది గానీ దాన్ని చూసేది తక్కువ. పీరియడు నలభై నిమిషాలు నిండిందంటే చెయ్యి దానంతటదే సుత్తి వెతుక్కునేది. హెడ్మాస్టర్లు ఏడుగురు మారారు, గంట మాత్రం అటూ ఇటూ కాలేదు. ఆ పేరు ఊరంతా పాకింది. పత్తి విత్తి ఎన్నాళ్లయింది, కోడిని పొదగేసి ఎన్నాళ్లయింది, బాలింతకి పురిటి స్నానం ఏ రోజున వస్తుంది, అన్నీ ఆయన్నే అడిగేవాళ్లు. ప్రేమదాసు వేళ్ల కణుపుల మీద బొటనవేలు జరుపుకుంటూ తడుముకోకుండా చెప్పేవాడు. ఆ చెప్పడంలో కాస్త గర్వం కూడా ఉండేది. ఉండదూ మరి? చదువు ఏడో తరగతితో ఆగిపోయి, ఊరి బయట పల్లెలో పుట్టి, తనకంటే చిన్నవాళ్ల చేత కూడా ‘ఒరేయ్’ అనిపించుకున్న మనిషికి, ఊరు ఊరంతా నమ్మే విద్య ఒకటి చేతిలో ఉంటే గర్వం ఉండదూ?

ఆ విద్యే ఆయన్ని నిలువునా ముంచింది. ఎలా ముంచిందో చెప్పాలంటే ముందు అట్టపెట్టె సంగతి చెప్పాలి.

ఎనభై రెండులో మిషను దొరసాని తన దేశం వెళ్లిపోతూ బంగళా సామానంతా పంచిపెట్టింది. మంచి మంచి కుర్చీలు, బీరువాలు పెద్దవాళ్లకి పోయాయి. ప్రేమదాసుకి దక్కింది ఒక అట్టపెట్టె. సెలవులకి వచ్చిన దొరసాని అక్క కొడుకు మర్చిపోయి వెళ్లిన పెట్టె అది. విప్పి చూస్తే అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి, గుప్పెడు పాచికలూ ఉన్నాయి. మామూలు పాచికలైతే ఎవరూ పట్టించుకోకపోదురు. ఒకదానికి నాలుగు ముఖాలు, ఒకదానికి ఎనిమిది, ఒకదానికి ఏకంగా ఇరవై. ప్రేమదాసు ఆ ఇరవై ముఖాలదాన్ని అరచేతిలో పెట్టుకుని సాయంత్రందాకా తిప్పి తిప్పి చూశాడు.

పుస్తకం చదివి పెట్టింది రెబ్కా టీచరు. చిన్న తరగతులకి చెప్పేదే గానీ ఆవిడ ఇంగ్లీషు గట్టిది. ఇది కథ చెప్పుకునే ఆటండీ ప్రేమదాసు గారూ, అని తేల్చింది. బల్ల మీద గడులేమీ ఉండవు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక వీరుడి వేషం కడతారు. అడివిలో, గుహలో, ఎక్కడో ఒకచోట పోట్లాట వస్తుంది. పోట్లాటలో అందరూ ఒకేసారి మీద పడరు. ఒకరి తర్వాత ఒకరు, ఎవరి వంతు వాళ్లది. అందరి వంతులూ అయితే ఒక చుట్టు.

ఆ వేసవి సెలవులంతా ఆవిడ చదవడం, ప్రేమదాసు పొడుగు నోటుబుక్కులో తెలుగులో రాసుకోవడం. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆరాధన అయ్యి, అన్నాలు తిని, మూడు గంటలకల్లా సైన్సు ల్యాబు గదిలో చేరేవాళ్లు. తాళంచెవి ప్రేమదాసు దగ్గరే కదా. కథ నడిపేది ఆయన. ఆడేది ముగ్గురు: రెబ్కా టీచరు, టీ కొట్టు క్రీస్తుదాసు, సైకిల్ షాపు జాన్ బాషా. బాషాకి ముప్పై ఏళ్లుంటాయి. ప్రేమదాసుని అన్నా అనేవాడు, సొంత తమ్ముడు కూడా అంత ప్రేమగా అనడు. పత్తి కాలంలో షాపు మూసి వీపున డబ్బా కట్టుకుని చేలకి మందు కొట్టడానికి పోయేవాడు. ఆటలో వాడిదొక పహిల్వాను. ఆలోచన లేదు, ఎత్తుగడ లేదు, తలుపు కనిపిస్తే తన్నడమే. రెబ్కా టీచరు తల పట్టుకునేది.

కత్తి తగిలితే ప్రాణం తగ్గుతుంది, సరే. అందులో వింతేముంది? ప్రేమదాసుని పట్టుకున్న సంగతి వేరే. కొన్ని దెబ్బలు తగిలి ఊరుకోవు, ఒంటి మీద కూర్చుంటాయి. విషం, మత్తు, భయం, కాళ్లూ చేతులూ కొయ్యబారిపోవడం. దయ్యం పట్టింది అన్నట్టే వీటికి ఆయన ‘పట్టు’ అని పేరు పెట్టాడు. ప్రతి పట్టుకీ ఒక గడువు ఉంటుంది. విషం మూడు వంతులంటే మూడు పత్తి గింజలు ఆ మనిషి ముందు పెడతారు. తన వంతు రాగానే విషం ముందు కాస్త ప్రాణం తింటుంది. ఆ తర్వాత ఆడాల్సింది ఆడి, వంతు ముగిశాక ఒక గింజ తీసేయాలి. ఎవరి గింజ వాళ్ల వంతులోనే తరుగుతుంది, పక్కవాడు ఎంత గింజుకున్నా తియ్యలేడు. గింజలన్నీ అయిపోతే పట్టు వదిలినట్టు. ఇవి గాక గింజల్లేని పట్టు ఇంకొకటుంది. దానికి గడువు దగ్గర పుస్తకంలో అంకె ఉండదు. విరుగుడు దొరికేదాకా, అని ఉంటుంది అంతే.

ఒంటి మీద పడ్డ పీడకి కూడా ఒక లెక్క ఉంటుందనీ, ఆ లెక్క నిండితే అది దిగిపోవలసిందేననీ రాసినవాడెవడో గానీ, ప్రేమదాసు వాడికి మనసులో దణ్ణం పెట్టుకున్నాడు. చిన్నప్పుడు వాళ్లమ్మ జ్వరంతో పద్దెనిమిది రోజులు పడుకుని పోయింది. ఇంకెన్నాళ్లమ్మా అని ఈయన అడిగితే చెప్పినవాళ్లు లేరు. అందుకే ఆ గింజలంటే ఆయనకి అంత ఇది.

ఒక్క వాక్యం దగ్గర మాత్రం పేచీ వచ్చింది. పట్టు పడ్డాక గింజలు ఎప్పటినుంచి లెక్క? పడిన వంతు లెక్కలోకి రాదు, పట్టిన మనిషికి నిండుగా మూడు వంతులు గడవాలి, అని పుస్తకంలో ఉందని రెబ్కా టీచరు చదివింది. ప్రేమదాసు నవ్వేశాడు. తెల్లోళ్లకి లెక్క తెలీదన్నాడు. ప్రభువుని శుక్రవారం సిలువేశారు, ఆదివారం లేచాడు, మూడో రోజు అనే కదా అంటాం? శుక్రవారం కలుపుకోకపోతే మూడెలా అవుతుంది? బాషా కూడా వంత పాడాడు. మా వాళ్లలోనూ అంతే టీచరుగారూ, మనిషి పోయిన రోజుతో కలిపే మూడో రోజు సమాధి దగ్గర జియారత్ చేస్తాం, అన్నాడు. ఇద్దరి దేవుళ్లూ ఒక్క మాట మీదుంటే ఇంక పుస్తకం ఎంత? ఆ వాక్యం నోటుబుక్కులోకి ఎక్కలేదు. విషం పడిన చోటే మొదటి గింజ తీసెయ్యడం వాళ్ల ఆట పద్ధతైపోయింది. వీరులు ఒక వంతు ముందే లేచి కూర్చునేవాళ్లు. ఎవరికి మాత్రం చేదు?

ఎనభై ఐదు నవంబరులో ఒక ఆదివారం. బావిలో పాము పడగెత్తి బాషా పహిల్వాను మీద విషం చిమ్మింది. మూడు గింజలు. ప్రేమదాసు అక్కడికక్కడే ఒకటి తీసేశాడు. రెబ్కా టీచరు మళ్లీ గొణిగింది, ఆయన వినిపించుకోలేదు. రెండు వంతులు తిరిగేసరికి పహిల్వాను లేచి, ఒక్క ప్రాణం మిగిలుండగా పాము తల నరికాడు. ఇంకొక గింజ ఉండుంటే వాడు అయిపోయేవాడే. బాషా బల్ల మీద చరిచి, “నీ లెక్కే నన్ను బతికించిందన్నా” అన్నాడు. ఆ మాటకి ప్రేమదాసు ఎంత పొంగిపోయాడో చెప్పలేను.

మర్నాడు సోమవారం. ఆ ఏడు పత్తికి తెల్లదోమ పట్టి రైతులు పిచ్చెత్తినట్టు తిరుగుతున్నారు. ఒక మందు పని చేయకపోతే రెండు కలిపి కొట్టించేవాళ్లు. బాషా పొద్దున ఏడింటికి డబ్బా ఎత్తుకున్నాడు. గాలి ఎదురు తిరిగిందట, డబ్బా మూత కారిందట, చొక్కా తడిసినా ఆగలేదట. మధ్యాహ్నం రెండింటికి చేలో కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట, నోటి వెంట నురగ, కంటిపాపలు ఆవగింజలంత అయిపోయాయి. ఎవరో పరుగెత్తుకొచ్చి బడిలో చెబితే ప్రేమదాసు సుత్తి ఎవరికో ఇచ్చి పోయాడు. బాషా భార్య రసూల్‌బీ, ఆయనా కలిసి వాణ్ని జీపులో వేసుకుని పెద్దాసుపత్రికి చేర్చేసరికి మూడయింది.

డాక్టరు మంచివాడు. గంటలో ఎన్ని సూదులు పొడిచాడో లెక్కలేదు. సాయంత్రానికి పాపలు విచ్చుకున్నాయి, ఊపిరి నిలబడింది. అప్పుడాయన ప్రేమదాసుని పక్కకి పిలిచి, “మూడు రోజులు కదలనివ్వకండి. బాగైపోయినట్టే కనిపిస్తాడు, నమ్మొద్దు. మూడు రోజులు గడిస్తే గండం గడిచినట్టు” అని చెప్పాడు. ప్రేమదాసు బుర్ర ఊపాడు. మనసులో మూడు గింజలు పెట్టుకున్నాడు. ఏం చేస్తాం, అక్కడికక్కడే ఒకటి తీసేశాడు కూడా.

మంగళవారం బాషా లేచి కూర్చున్నాడు. ఇడ్లీ తిన్నాడు. పాముని చంపిన సంగతి పక్క మంచం ముసలాయనకి చేతులు తిప్పుకుంటూ చెప్పాడు. బుధవారం పొద్దున్నే ఇంటికి పోదామని మొదలుపెట్టాడు. రసూల్‌బీకీ కాళ్లు నిలవడం లేదు. ఇద్దరు పసివాళ్లని తల్లి మాబూబీ దగ్గర వదిలి వచ్చింది, చిన్నది పాలు మరవలేదు. సోమవారం చూసిన డాక్టరు ఆ రోజు రాలేదు. డ్యూటీలో ఉన్న నర్సు కొత్తమ్మాయి, డాక్టరుగారు ఎన్నాళ్లుండమన్నారు అని అడిగింది.

రసూల్‌బీ ప్రేమదాసు వైపు తిరిగి, “మూడు రోజులూ అయినట్టేనా అన్నా?” అంది.

ఆయన బొటనవేలు కణుపుల మీద జరిగింది. సోమ, మంగళ, బుధ. “అయినట్టేనమ్మా” అన్నాడు.

నర్సు కూడా వేళ్ల మీద లెక్కేసుకుంది. ఆ పిల్లకీ మూడే వచ్చాయి. కాగితం మీద బాషా సంతకం తీసుకుంది. పక్క మంచం ముసలాయన మాత్రం డాక్టర్ని అడిగి పోరాదూ అన్నాడు. రసూల్‌బీ బట్టలు మూట కట్టుకుంటూ, “అన్న చెప్పాడుగా” అంది. పన్నెండింటి బస్సుకి ఊళ్లో దిగారు.

గురువారం రెండో పీరియడు గంట కొట్టి ప్రేమదాసు ఇంకా సుత్తి కింద పెట్టలేదు, మాబూబీ కొంగు జారిపోతున్నా చూసుకోకుండా గేట్లోంచి వస్తోంది. పొద్దుట్నుంచీ బాషా తలగడ మీంచి తల ఎత్తలేకపోతున్నాడట. ప్రేమదాసు పోయి చూస్తే వాడి మెడ వాడి మాట వినడం లేదు. కళ్లు బాగానే ఉన్నాయి, తెలివి ఉంది, మనిషిని గుర్తుపడుతున్నాడు. ఊపిరి మాత్రం గొంతు దగ్గరే ఆడుతోంది, రొమ్ము లేవడం లేదు. ఏదో అనబోయాడు, పెదాలు కదిలాయి గానీ గొంతు రాలేదు. జీపు దొరికేసరికి పదకొండు దాటింది. దారిలో ప్రేమదాసు వాడి తల ఒళ్లో పెట్టుకుని, అయిపోయిందిరా, గడువు అయిపోయింది, నీకేం కాదు, అని చెబుతూనే ఉన్నాడు. ఆ మాటలు వింటూనే బాషా పోయాడు. ఆసుపత్రి గేటు ఇంకా రెండు ఫర్లాంగులుంది.

డాక్టరు కేకలెయ్యలేదు. వేసినా బాగుండేది. కాగితం తీసి చూసుకున్నాడు. సోమవారం ఎన్నింటికి తెచ్చారని అడిగాడు. మూడింటికి అన్నాడు ప్రేమదాసు. డాక్టరు గోడ మీద గడియారం చూశాడు. పన్నెండు. మూడు రోజులు నిండటానికి ఇంకా మూడు గంటలుందయ్యా, అన్నాడు. ఈ విషం ఒకసారి వదిలినట్టే వదిలి మళ్లీ మెడనీ ఊపిరినీ పడుతుందట. ఇక్కడే ఉంటే గొంతులో గొట్టం వేసి, తిత్తితో ఊపిరి పోసి, అది దాటేదాకా నిలబెట్టడానికి చూసేవాళ్లమన్నాడు. ఇదంతా విన్నది ప్రేమదాసు ఒక్కడే. రసూల్‌బీ బయట జీపులో భర్త కాళ్లు పట్టుకుని కూర్చుని ఉంది.

పోయిన రోజుతో కలిపి మూడో రోజు, శనివారం, జియారత్ చేశారు. గురు, శుక్ర, శని అని ఎవరో వేళ్లు మడుస్తుంటే ప్రేమదాసు అక్కడ నిలబడలేక లేచి వచ్చేశాడు.

ఆదివారం ల్యాబు గది తలుపు తియ్యలేదు. పాచికల పెట్టె పాత గ్లోబుల వెనక్కి పోయింది. రెబ్కా టీచరు గాని ఒక్క మాట అనుంటే ఆయనకి కాస్త తేలికయ్యేదేమో. ఒక మధ్యాహ్నం ప్రేమదాసు నోటుబుక్కు తీసి, విషం అని రాసిన చోట అంచులో ఆ వాక్యం ఎక్కించాడు: పడిన వంతు లెక్కలోకి రాదు. మూడేళ్లు ఆలస్యంగా రాశాడు. రాసి మాత్రం ఏం లాభం?

అసలు నరకం ఆ తర్వాత మొదలైంది. ఊళ్లో అందరూ ఆయన్ని మెచ్చుకునేవాళ్లు. సొంత తమ్ముడిలా చూసుకున్నాడు, రెండుసార్లూ జీపు మాట్లాడింది ఆయనే, అని. రసూల్‌బీ అయితే తల్లి చేత రంజానుకి చేసినట్టు సేమ్యా వండించి పంపింది. గిన్నె అందుకుని ఆయన గోడవైపు తిరిగి ఏడ్చాడు. చెప్పెయ్యాలి. నీ మొగుణ్ని చంపింది నా లెక్కేనమ్మా అని చెప్పెయ్యాలి. ఎన్నిసార్లు వాళ్ల గుమ్మందాకా పోయి పిల్లలకి బిస్కెట్లిచ్చి తిరిగొచ్చాడో. చెబితే ఆమెకి మనిషి దక్కడు, ఇప్పుడున్న అన్న కూడా పోతాడు, అని తనకి తనే సర్దిచెప్పుకునేవాడు. అది ఆమె కోసం కాదని ఆయనకీ తెలుసు. పిరికితనం, అంతే. గింజల్లేని పట్టు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసొచ్చింది.

భర్త పోయిన ముస్లిం ఆడది నాలుగు నెలలా పది రోజులు ఇల్లు కదలకూడదు. ఇద్దత్ అంటారు. పరాయి మగవాళ్ల కంట పడకూడదు. ఆ లెక్క కూడా ప్రేమదాసునే చూడమన్నారు. ఇంకెవర్ని అడుగుతారు చెప్పండి? మసీదు పెద్ద హజరత్ ఉండేది టౌన్లో. మాబూబీ సాయిబుల నెలల క్యాలెండరు ఒకటి తెచ్చిస్తే, నెలవంకలు చూసి గుర్తు పెట్టే పని ఈయన మీద పడింది. బడి ఆఫీసు గోడకి తగిలించుకుని రోజూ ఒక గడి కొట్టేశాడు. నూట పాతిక పైచిలుకు రోజులు.

మార్చి వచ్చింది. కళ్లాలన్నీ మిరపకాయలతో ఎర్రబడ్డాయి, ఊరు ఊరంతా దగ్గుతోంది. తొడిమలు తీసే పనికి ఆడవాళ్లు చాలక రైతులు ఇళ్ల చుట్టూ తిరుగుతున్నారు. రసూల్‌బీ ఆ రోజు కోసమే చూస్తోంది. ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆమె బయటికి రావాలి. ఒక శుక్రవారం పొద్దున మాబూబీ కబురంపింది. వచ్చి లెక్క చూసి చెబితే పిల్ల తలంటుకుని బయటికొస్తుందని.

ప్రేమదాసు క్యాలెండరు చుట్టి చంకలో పెట్టుకుని పోయాడు. గుమ్మానికి పాత చీర పరదా కట్టి ఉంది. అరుగు మీద ముసలామె కూర్చుని ఉంది, వాకిట్లో నీళ్లు కాగుతున్నాయి. పక్కన గడువు తీరాక పెట్టుకోవడానికి కొత్త జాకెట్టు, గాజులు, మల్లెపూలు. చెప్పులు విడిచి నిలబడ్డాడు.

పరదా వెనకనుంచి రసూల్‌బీ గొంతు వచ్చింది. “నిన్నటితో అయినట్టేనా అన్నా?”

అదే మాట, అదే గొంతు. ఆయన బొటనవేలు కణుపు మీదికి పోబోయి ఆగింది. బాషా పోయిన ఆ గురువారాన్ని కలుపుకుంటే నిన్నటితోనే సరి. కలుపుకోకపోతే ఈ రోజు కూడా పోవాలి. అయింది అంటే సరిపోయేది. హజరత్‌ని అడిగినా అదే అంటాడు, నీళ్లు కాగుతున్నాయి, పిల్లలు చూస్తున్నారు.

“ఇంకా ఈ ఒక్క రోజు ఉందమ్మా” అన్నాడు. “పడిన రోజు లెక్కలోకి రాదు.”

ఎవరు చెప్పారని మాబూబీ కసిరింది. పోయిన రోజుతో కలిపే ఎవరైనా లెక్క కడతారు, నాకు తెలీదా, అంది. చిన్నది పరదా పట్టుకుని ఊగుతుంటే లోపలి చెయ్యి దాన్ని మెల్లిగా లాక్కుంది.

“ఎప్పట్నుంచి రాదన్నా?” అంది రసూల్‌బీ. “ఆసుపత్రిలో లెక్కలోకి వచ్చిందిగా.”

ప్రేమదాసు అరుగు స్తంభం పట్టుకున్నాడు. ఇన్ని నెలలుగా దాచుకున్నది ఇంక ఆగలేదు. “అక్కడ నేను తప్పు చెప్పానమ్మా. డాక్టరు చెప్పింది గురువారం మూడింటిదాకా. నేను బుధవారమే అయిపోయాయన్నాను. ఉండుంటే బతికేవాడేమో” అన్నాడు. అని, ఆమె తిడుతుందనీ, శాపనార్థాలు పెడుతుందనీ, ముసలామె కాగే నీళ్లు మీద గుమ్మరిస్తుందనీ ఎదురుచూశాడు. కావలసింది కూడా అదే ఆయనకి.

పొయ్యిలో కట్టె చిటపటమంది. పరదా పక్కనుంచి గాజులు లేని చెయ్యి గుమ్మం అంచు పట్టుకోవడం కనిపించింది, అంతే.

“అమ్మా, నీళ్లు దించెయ్. రేపొస్తాను బయటికి” అంది రసూల్‌బీ తల్లితో. ఆ గొంతులో కోపం ఉందో, క్షమ ఉందో, ఏమీ లేదో ఎంత వెతుక్కున్నా ప్రేమదాసుకి చిక్కలేదు. చెప్పుల కోసం వంగాడు. అప్పుడు ఆసుపత్రిలో విన్న మాటే మళ్లీ వినపడింది.

“అన్న చెప్పాడుగా.”

ఆయన వంగినట్టే ఉండిపోయాడు.